పేరు రావలసిన చోటు

వేమూరు దాటి కాస్త దూరం వచ్చాక, ఇక ముందుకి పోవడం మంచిది కాదొదినా అని నాగూర్ బాషా కారుని రోడ్డు వారగా నిద్రగన్నేరు చెట్టు కింద ఆపేశాడు. వెనక వచ్చే లారీవాడికి కనపడాలని పసుపు లైట్లు వేసి ఉంచాడు. అవి టిక్కు టిక్కుమంటూ వెలిగి ఆరుతుంటే, వెలిగినప్పుడు మంచు అద్దం దాకా వచ్చినట్టూ, ఆరినప్పుడు కాలవ అవతలికి పోయినట్టూ ఉంది. ప్రమీల ముందు సీట్లో, కొంగు చెవుల మీదుగా కప్పుకుని కూర్చుంది. ఈ కారులో ఆమె ఎప్పుడూ వెనకే కూర్చునేది. ఈరోజు ముందు ఎక్కింది. ఎందుకెక్కిందో బాషాకి తెలుసు, ఆమెకీ తెలుసు, తెనాలి నుంచి ఇక్కడిదాకా ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. రేపల్లె దారిలోని నగరం అనే ఊళ్ళో అమ్మ ఈపాటికి లేచి, ముఖం కడుక్కుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటుంది. పది గంటలకల్లా తెనాలిలో కంటి డాక్టరు దగ్గర ఉండాలని నిన్న ఫోన్లో మూడుసార్లు చెప్పింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కోడి కంటే ముందు లేస్తుంది. ఈ మంచు ఎప్పుడు విడుతుందో, ఆమె ఎంతసేపు రోడ్డు వంక చూస్తుందో, చూసినా ఆ కళ్ళకి ఏం కనపడుతుందో. అద్దానికి పైన మూలగా, అరచేతిలో సగం ఉండే నల్ల పెట్టె అంటించి ఉంది. దాని కన్ను రోడ్డు వైపు, దాని చిన్న తెర వీళ్ళ వైపు. అందులో ఒక్క నిమిషం ఆదాము ఉన్నాడు.

నాలుగు రోజుల కింద బాషా ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ఆ సంగతి చెప్పాడు. తెనాలి కారు స్టాండులో ఇరవై ఏళ్ళు ఆమె భర్త ఆదాము పక్కన బండి పెట్టుకున్న మనిషి, ఆదాము పోయాక ఈ కారు నడుపుతున్నదీ అతనే. కెమెరా మొరాయిస్తోందని కొట్టులో చూపిస్తే, పాత వీడియో ముక్క ఒకటి తాళం పడి ఉండిపోయింది, పోయిన జనవరిది, తీసెయ్యనా అన్నాడట కొట్టతను. "ఏంటా అని పెట్టానొదినా. అంతా తెల్లగా ఉంది. తర్వాత అన్న గొంతు. రెండు మాటలు విని ఆపేశాను. మీరు వినకుండా నేను వినడం బాగోదు కదండి." ఆమె చేతిలో చేట ఉంది, చేటలో మినుములు ఉన్నాయి, రాళ్ళు ఏరుతోంది. ఏం మాటలు బాషా అంది. "ప్రార్థనొదినా." అంతే. ఆ తర్వాత ఏరిన రాళ్ళు ఎక్కడ పడేసిందో, మినుముల్లోనే పడేసిందో. నాలుగు రోజులుగా ఆ ఒక్క మాట పంట్లో ఇరుక్కున్న పీచులాగా నాలుకకి తగులుతూనే ఉంది. ప్రార్థన అంటే పేర్లు. ఆదాము ప్రార్థనంటే పేర్లే. ఆఖరి రోజు అతను చెప్పిన పేర్లలో తన పేరు ఉందా, లేదా. ఉంటే ఎలా బతకాలో తెలుసు. లేకపోతే, లేదని చెవులారా విన్నాక, ఆ ఇంట్లో ఆ మంచం మీద ఎలా పడుకోవాలి?

బాషా తలుపు తీసుకుని దిగాడు. చలి ఒక్కసారిగా లోపలికి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇంజను చల్లారుతూ ఎక్కడో చిటచిటమంటోంది. కాలవ గట్టు మీద మైలురాయి ఒకటి మంచులోంచి సగం బయటికొచ్చింది, రేపల్లె అని చదివింది, కింద అంకె పందొమ్మిది. చదవాలని చదవలేదు, ఇప్పుడు కళ్ళు వాటంతటవే చదివేస్తున్నాయి, అక్షరాలు వచ్చినప్పటి నుంచీ లోకమంతా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది, ఎరువుల కొట్టు, దంతవైద్యశాల, ఇచ్చట మూత్రము పోయరాదు. ఆపమన్నా ఆపదు. యాభై ఆరేళ్ళు నోరు మూసుకుని ఉన్న గోడలు. చర్చి వెనక గదిలో కరుణ టీచరు నేర్పింది, మంగళవారం, శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి, అంట్లు తోముకున్నాక ఏడుగురు ఆడవాళ్ళు. ముందు మీ పేరు రాయడం నేర్చుకోండి అంది టీచరు. అందరి పేర్లూ సులువుగా ఉన్నాయి. తనది మాత్రం మొదటి అక్షరమే కష్టం, ప కింద ఆ ర తోకని చుట్టాలి. పదిహేను రోజులు అది పక్కకి పడిపోతూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. మనవరాలున్న మనిషి పలక పట్టుకుందంటే వీధిలో నవ్వుతారని, కూరగాయల సంచీలో పెట్టుకుని పోయేది, పైన తోటకూర కట్ట వేసి. ఒక్క ఆదాముకే చెప్పింది. అదీ అడిగితే చెప్పింది, సంచీ ఎత్తి చూసి, ఏంటే ఇంత బరువు అంటే.

ఇంట్లో అతను ఎప్పుడూ ఏమే అనేవాడు. లేకపోతే ఇదిగో. ఎవరైనా వింటుంటే మా ఇంట్లో మనిషి. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో పేరు పెట్టి పిలిచింది లేదు, ఆమె అతన్ని పిలిచిందీ లేదు. కానీ పొద్దుగూకి దీపం పెట్టాక, అన్నాలు తినబోయే ముందు, చాప వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడా, అప్పుడు మాత్రం పేరే. ఏంజెల్‌ని కాపాడు ప్రభువా, అల్లుడు మనోహర్‌ని కాపాడు, చిన్నది జెస్సీకి దగ్గు తగ్గించు, ప్రమీలని కాపాడు, నగరంలో అత్తమ్మకి కళ్ళు కనపడేటట్టు చెయ్యి, బండికి ఏ ఆపదా రానివ్వకు, ఆమేన్. ఎప్పుడూ అదే వరస, మనవరాలికీ అత్తగారికీ మధ్య తను. దేవుడికి చెప్పాలంటే ఏమే గీమే కుదరదు కదా, పేరు చెప్పాలి మరి, ఏ ఇంటి మనిషో ఆయనకి తెలియాలి. తలమీద ముసుగుతో, కళ్ళు మూసుకుని, ఆ పేరు వచ్చే చోటు కోసం ఆమె రోజూ కాచుకుని ఉండేది. ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు. జెస్సీ దగ్గు దాటగానే లోపల ఏదో సర్దుకుని కూర్చునేది, మల్లెపూలు పెట్టేటప్పుడు మెడ నిలిపినట్టు.

అతని గొంతు మాత్రం పెద్దది. లారీ నడిపిన రోజుల్లో ఇంజను మీదుగా అరిచి అరిచి అలా అయిపోయింది. ప్రార్థన అయినా, పప్పులో ఉప్పు అడిగినా ఒకటే గొంతు, వీధి చివర పంపు దగ్గరికి వినపడేది. ఆ సాయంత్రం ఏంజెల్, మనోహర్, జెస్సీ అయ్యాక, ప్రమీలకి అక్షరాలు తొందరగా వచ్చేటట్టు చెయ్యి ప్రభువా, ఆ ప అక్షరం కింద ర దానికి కుదరడం లేదు, దాని చేతికి సహాయం చెయ్యి అని, అంత గొంతుతోనూ అన్నాడు. తెల్లారి పంపు దగ్గర పక్కింటి రూబీ బిందె పెడుతూ, "ఏం పిన్నీ, ర కుదిరిందా?" అంది. నలుగురూ నవ్వారు. రూబీ చెడ్డపిల్లేం కాదు, ఆ నవ్వూ చెడ్డ నవ్వు కాదు. ఇప్పుడు తలుచుకుంటే తనకే నవ్వొస్తుంది, అంతమంది ఆడవాళ్ళు, అన్ని బిందెలు, మధ్యలో తన ర. కానీ ఆ రోజు నీళ్ళు పట్టకుండానే ఖాళీ బిందెతో ఇంటికొచ్చి, టిఫిన్ తింటున్న మనిషి ముందు నిలబడి, దేవుడికి చెవులున్నాయి, నువ్వలా అరవక్కర్లేదు, వీధంతా వింటోంది, ఇవాళ్టి నుంచి నీ ప్రార్థనలో నా పేరు ఎత్తావంటే ఊరుకోను అంది. నువ్వు అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి. అతను ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అలాగే చూశాడు. సరేనమ్మా అన్నాడు. అమ్మా అన్నాడే, అప్పుడే భయపడి ఉండాల్సింది.

ఆ సాయంత్రం ఏంజెల్, మనోహర్, జెస్సీ, అత్తమ్మ. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు, గతుకు తప్పించిన బండిలాగా తప్పించుకుని పోయాడు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. కోపమా, చెప్పిన మాట వింటున్నాడా, అడిగితే బాగుండేది. అడిగితే తను దిగివచ్చినట్టవుతుంది. అన్నం పెట్టేది, తినేవాడు, బండి తుడిచేవాడు, ఆమె పలక మీద ర చుట్టేది. పదకొండో రోజు పొద్దున బాపట్ల నుంచి జ్ఞానానందం మాస్టారి కుటుంబాన్ని ఎక్కించుకుని ఉత్తరాదికి టూరు. చర్చిలో తెలిసినవాళ్ళే, మంచివాళ్ళే. మఫ్లరు సంచీలో పెట్టింది, పెట్టినట్టు చెప్పలేదు. కారెక్కబోతూ అతను అద్దం మీది ఈ పెట్టెని ఒకసారి తట్టి చూసుకున్నాడు. సూర్యలంక బీచిలో ఎవడో ఆగి ఉన్న బండిని గీరేసి పోయినప్పటి నుంచీ దీని మీదే ధ్యాస, బండి ఆగి ఉన్నా కుదుపు తగిలితే లేచి చూస్తుందట, ఒక్క నిమిషం చూసి మళ్ళీ పడుకుంటుందట. మనిషి మీద లేని ధ్యాస పెట్టె మీద ఉంది అనుకుంది ఆమె, పైకి అనలేదు. బయటికి వచ్చి చెయ్యి ఊపిందా? ఊపలేదు. వాకిట్లో ముగ్గుచిప్ప పట్టుకుని నిలబడింది. అంతవరకే గుర్తు.

టూర్లకి పోయిన డ్రైవర్లు గదుల్లో పడుకోరు. తిరుపతి కొండ కింద అయినా, వేళాంకణ్ణి సముద్రం దగ్గరైనా, సీటు వెనక్కి వాల్చుకుని బండిలోనే. అక్కడ ఎక్కడో హిమాచల్ కొండల్లో, నీళ్ళు బకెట్లోనే గడ్డకట్టే చలిలో, మా గదిలో కింద పడుకో ఆదామూ అని మాస్టారు రెండుసార్లు పిలిచారట. వద్దు సార్, నాకు అలవాటే, రెండు దుప్పట్లున్నాయి అన్నాడట. తెల్లారి అద్దాల మీద మంచు గీకి చూస్తే నిద్రపోతున్నట్టే ఉన్నాడట. గుండె అన్నాడు డాక్టరు, చలి అన్నారు మాస్టారు, ఏడుస్తూ. ఆ ఎనిమిది రోజుల్లో అతను ఏంజెల్‌కి ఫోన్ చేశాడు, మనోహర్‌కి చేశాడు, ఆమెకి చెయ్యలేదు, ఆమె అతనికి చెయ్యలేదు. మనిషి విమానంలో వచ్చాడు, జన్మలో ఒక్కసారి ఎక్కాడు. బండిని తేవడానికి బాషా రైల్లో పోయాడు, అది ఆరు రోజులకి వచ్చింది. అంత దూరం నడిచాక ఆ పెట్టె లోపల పాతవన్నీ చెరిగిపోయి కొత్తవి పడతాయట, కుదుపు తగిలినప్పటి ముక్క ఒక్కటే తాళం పడి మిగిలిపోతుందట.

అప్పటి నుంచి ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఆమెదే. ఒక్కతే కూర్చుని, మెల్లగా, గోడకి కూడా వినపడకుండా చేస్తుంది. ఏంజెల్, మనోహర్, జెస్సీ, అమ్మ, బాషా, బండి. పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యక్కర్లేదు సిస్టర్, వాళ్ళు ఆయన దగ్గరే ఉన్నారు అన్నారు పాస్టరుగారు. కాబట్టి అతని పేరూ తియ్యదు, తన పేరు తను చెప్పుకోవడం ఏం బాగుంటుంది, అదీ తియ్యదు. ఏంజెల్‌కి అమ్మ, జెస్సీకి అమ్మమ్మ, రూబీకి పిన్ని, పాస్టరుగారికి సిస్టర్, బాషాకి వదిన. బాపట్ల వచ్చెయ్యమ్మా అంటుంది ఏంజెల్, అక్కడికి పోతే అపార్టుమెంటు ఆంటీ అవుతుంది. నగరంలో అమ్మ కూడా పెద్దదానా అంటుంది, పేరు మరిచిపోయిందేమో కూడా. ర ఇప్పుడు బాగా కుదిరింది. రాసుకుంటుంది, పాలవాడి క్యాలెండరు మీద, పాత కవర్ల మీద. రాసిన పేరు ఊరికే చూస్తూ ఉంటుంది, పలకదు.

తలుపు తెరుచుకుంది. బాషా బీడీ వాసనతో పాటు లోపలికొచ్చి అరచేతులు రుద్దుకున్నాడు. "ఇంకో అరగంటైనా విడదండి ఇది. అమ్మగారికి ఫోన్ చేసి చెప్పనా?"

"చేస్తే ఇంకా కంగారు పడుద్ది."

కాలవ మీద ఏదో పిట్ట ఒకటే కూత కూసి ఊరుకుంది. టిక్కు టిక్కు. ఆమె చెయ్యి కొంగులోంచి బయటికి వచ్చింది, పెట్టె వైపు చూపించింది.

"పెట్టు బాషా."

అతను తెర మీద వేలితో రెండు మూడు చోట్ల నొక్కాడు. నేను దిగి బయట ఉండనా వదినా అన్నాడు. వద్దు, ఉండు అంది. ఒక్కదానికి భయమేసింది.

ధబ్బుమని చప్పుడు. ముందు అదే. హోటల్ కప్పు మీది మంచు పెళ్ళ జారి బండి మీద పడింది అన్నాడు బాషా మెల్లగా, ఆ కుదుపుకే ఇది లేచింది. తెరలో బానెట్ మీద తెల్లగా, పిండి బస్తా ఒలకబోసినట్టు. దూరంగా గేటు దగ్గర ఒక పచ్చ దీపం, ఇంకేం లేదు. ఆ తర్వాత, ఓర్నాయనో. అది అతనే. ముక్కులోంచి చిన్న నవ్వు. "బండి మీద ఏదో పడ్డట్టుంది ప్రభువా, ఏం కాలేదులే." అదేదో పక్కసీట్లో మనిషికి చెప్పినట్టు చెబుతున్నాడు. ఆమెకి మెడ వెనక వెంట్రుకలు లేచాయి. గొంతు వల్ల కాదు. గొంతు చిన్నగా ఉండడం వల్ల. అద్దాలన్నీ ఎత్తేసిన బండిలో, చుట్టూ ఒక్క తెలుగు చెవి లేని చోట, వీధీ పంపూ రూబీ లేని చోట, అతను గుసగుసలాడుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళలో ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడగా ఆమె వినలేదు. పళ్ళు టకటకమంటున్నాయి, మాటలు తునిగిపోతున్నాయి. మాస్టారిని, అమ్మగారిని క్షేమంగా ఇల్లు చేర్చు. ఏంజెల్‌ని కాపాడు. మనోహర్‌ని కాపాడు. చిన్నది జెస్సీకి దగ్గు తగ్గిందంట, నీకు స్తోత్రం. నగరంలో అత్తమ్మకి కళ్ళు. అక్కడితో తెర నల్లగా అయిపోయింది.

లేదు.

పసుపు లైటు వెలిగింది, ఆరింది. అనుకున్నదే కదా. చెప్పలేదు, చెప్పడు, తనే కదా అన్నది. అందరూ ఉన్నారు, మాస్టారు ఉన్నారు, మాస్టారి భార్య ఉంది. బాషా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, బయట చూడ్డానికి ఏమీ లేదు. ఇంటికి పోయి ఇది మరిచిపోవాలి, మినుములు నానబెట్టాలి, అమ్మ కంట్లో చుక్కలు వెయ్యాలి, తీసెయ్యమని చెప్పాలి బాషాతో, తీసెయ్యి అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ ఎక్కడో ఏదో తప్పింది. లెక్క తెలియని మనిషికైనా మెట్లు దిగేటప్పుడు ఒక మెట్టు ఎక్కువైతే కాలికి తెలుస్తుంది. జెస్సీ తర్వాత అత్తమ్మ రావడానికి అంతసేపు పట్టదు. ఇంట్లో ఆ పది సాయంత్రాలూ పట్టలేదు. ఇంకోసారి పెట్టు అంది.

ధబ్బు. ఓర్నాయనో. మాస్టారు. ఏంజెల్. ఈసారి చెవులతో కాదు, కళ్ళతో విన్నది. అతను మాట్లాడినప్పుడల్లా అద్దానికి ఊపిరి తగిలి, తెర అంచున కొంచెం తెల్లబడి, మళ్ళీ తేరుకుంటోంది. మనోహర్, కొంచెం తెలుపు. జెస్సీ, కొంచెం తెలుపు. నీకు స్తోత్రం. అక్కడ మాట లేదు. మాట లేకుండా ఊపిరి ఒక్కటే వచ్చింది. దీపం కనపడలేదు, బానెట్ కనపడలేదు, తెర మొత్తం పాలు పోసినట్టు అయిపోయింది, ఎంతో ఊపిరి, లోపల చాలాసేపు పట్టి ఉంచి వదిలింది. మెల్లమెల్లగా ఆ తెలుపు విడిపోయి, దీపం మళ్ళీ పుట్టి, అప్పుడు, నగరంలో అత్తమ్మకి. చలికి రొప్పాడేమో. గుండె అప్పుడే పట్టేసిందేమో. దగ్గు ఆపుకున్నాడేమో. అది ఎవరూ చెప్పలేరు, డాక్టరూ చెప్పలేడు. కానీ అద్దం అంత తెల్లబడింది ఆ ఒక్క చోటే, మనవరాలికీ అత్తగారికీ మధ్య, ఆమె ముప్పై నాలుగేళ్ళు తలమీద ముసుగుతో కాచుకుని కూర్చున్న చోటే. బండి గతుకు దగ్గరికి వచ్చి తప్పించుకుని పోలేదు. ఆగింది.

"ఇంకొక్కసారి, బాషా."

అతను నొక్కాడు. ఏంజెల్. మనోహర్. జెస్సీ, నీకు స్తోత్రం. తెర తెల్లబడడం మొదలుపెట్టింది. ఆమె ముందుకి వంగింది, నుదురు దాదాపు పెట్టెకి తగిలేటంత దగ్గరికి, ఆ తెలుపు విడిపోకముందే, పలక మీద రాసినట్టు నిదానంగా, పైకే అంది.

"ప్రమీల."

నగరంలో అత్తమ్మకి కళ్ళు. తెర నల్లబడింది. కారులో ఆ పేరు కాసేపు అలాగే ఉంది. బాషా తిరిగి ఆమె వంక చూశాడు.

"ప్రమీల ఎవరొదినా?"

"నేనే."

ఇరవై ఏళ్ళు, అన్నాడు బాషా తనలో తను. స్టీరింగు మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు.

"కానీ అన్న ఎక్కడా ఆ పేరు చెప్పలేదు కదండీ."

"వద్దన్నానుగా," అంది ప్రమీల.